సుభద్రక్క ఈసీజీ

పొద్దున్నే డబ్బాల మూతలకు లేబుళ్ళు అంటిస్తుంటే ఒక స్టిక్కరు మూతను వదిలేసి నా ముంజేతికి అంటుకుంది. ‘టమాటా పప్పు, వెజ్’ అని నా చేతి మీదే రాసిపెట్టినట్టయింది. లాగితే నాలుగు వెంట్రుకలను వెంటబెట్టుకుని వచ్చింది. చురుక్కుమన్న ఆ మంట, వేళ్ళకు మిగిలిన ఆ జిగురు వాసన నన్ను ఉన్నచోట నిలబెట్టేశాయి. ఆరేళ్ళ కిందట సుభద్రక్క ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినప్పుడు ఆమె చీలమండ మీద ఇలాంటిదే ఒక స్టిక్కరు మిగిలిపోయి ఉంది. ఈసీజీ తీసేటప్పుడు వైరు తగిలించడానికి అంటిస్తారే, అది. ఆమె చూసుకోలేదు. “అక్కా, నీ కాలికి ధర చీటీ ఉంది, అమ్మకానికి పెట్టిన్రా ఏంది” అంటూ నేనే లాగాను. ఆమె పెట్టిన కేకకు పక్క యూనిట్‌లో కార్లు బాగుచేసే ఐరిష్ పెద్దాయన స్పానరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గుండెకు షాకిచ్చినప్పుడు కూడా ఆమె అంత గొంతెత్తి ఉండదు.

సుభద్రక్క పోయిందనుకుంటున్నారేమో. లేదు, డబ్లిన్‌కు గంట దూరంలో డండాక్ అనే ఊళ్ళో నిక్షేపంగా ఉంది. ఇలాంటివి మనిషి పోయాకే రాయాలని నియమం ఏదైనా ఉంటే నాకు తెలియదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను కనుక ఆ పాఠం చెప్పిన రోజు నేను లేకపోయి ఉంటాను. అయినా మనిషి ఉండగానే రాస్తే ఒక లాభం ఉంది. తప్పులుంటే ఫోన్ చేసి తిడుతుంది.

మీరు ఆమెను చూడలేదు కనుక చెప్తాను. పొట్టి మనిషి. నడక నెమ్మది, మాట వేగం. తెనాలి ఆడపడుచు. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని ఆఫీసులో టెస్టింగ్ ఇంజనీరుగా పదేళ్ళు పనిచేసి, నలభయ్యో ఏట ఆ ఉద్యోగం వదిలి, బోమాంట్‌కు కొంచెం అవతల ఒక షెడ్డు అద్దెకు తీసుకుని మధ్యాహ్నం భోజనాల వంటిల్లు పెట్టింది. తాను వదిలేసి వచ్చిన ఆఫీసుకే పప్పు, వేపుడు, పెరుగన్నం డబ్బాల్లో పంపేది. ఆ కుర్రాళ్ళంతా ఆమెను ఆంటీ అనేవారు. నేను మాత్రం మొదటి రోజు నుంచీ అక్కా అన్నాను, ఎందుకంటే ఆంటీ అంటే వెనక్కి తిరిగి మాట అనలేం.

నా సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. మాది నల్లగొండ దగ్గర పల్లె. లెక్కల సారు బోర్డు మీద వేసిన లెక్కకు నేను క్లాసంతా నవ్వేలా ఒక జవాబు చెప్పాను, సారు ఒక్కడే నవ్వలేదు. ఆ తర్వాత హైదరాబాదు హోటళ్ళలో బల్లలు తుడవడం, పిండి రుబ్బడం, దోసెలు వేయడం. దోసెల మాస్టరుగా పర్మిట్ మీద ఐర్లండు వచ్చాను. ఆ పర్మిట్ సుభద్రక్క వంటింటి పేరు మీదే ఉండేది. ఆమె వద్దంటే నేను ఈ దేశానికీ వద్దన్నమాట.

మొదటి రోజు ఆమె నన్ను అడిగింది ఒకే ప్రశ్న. ఈ చలి దేశంలో దోసెల పిండి ఎలా పులియబెడతావు అని. “అక్కా, నేను దిగిన ఇంట్ల వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అలమర ఉన్నది గద, హాట్ ప్రెస్ అంటరు, ఆండ్ల పెడ్త. రాత్రి పిండి నాకంటె వెచ్చగ పంటది” అన్నాను. ఆమె ముఖం కదల్లేదు. చేరిన రోజే పని ఊడిందనుకున్నాను. మర్నాడు పొద్దున కోల్డ్ రూములో ఒక్కతే పాలకూర లెక్కపెడుతూ ఫక్కున నవ్వింది. లోపల ఏముందా అని తొంగి చూస్తే, “పిండి వెచ్చగా పడుకుంటుందా” అంది. ఆమెతో జోకు అంటే అంతే, ఇవాళ వేస్తే రేపు అందుతుంది. నాకు అలవాటైపోయింది. నవ్వు చేతికందే దాకా ఓపిక పట్టడం ఆమె నాకు నేర్పిన మొదటి పని అనుకోవచ్చు.

ఆరు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం డబ్బాలన్నీ వ్యానెక్కి వెళ్ళిపోయాక, డబ్బాలు సర్దే లత కూడా ఇంటికెళ్ళిపోయాక, అక్క రెండు టీలు పోసి నన్ను వెనక తలుపు దగ్గరకు పిలిచింది. “జోకులు లోపల పెట్టి రా” అంది. ఉద్యోగం ఊడిందనుకుని టీ కూడా ముట్టలేదు. ఆమె తన జాకెట్టు మెడ దగ్గర కొంచెం కిందికి లాగి, గొంతు గుంటకు దిగువన మొదలయ్యే తెల్లటి కుట్ల గీత చివరను చూపించింది. పుట్టుకతోనే ఆమె గుండెలో నాలుగు లోపాలు. ఏడిస్తే పెదవులు, గోళ్ళు నీలంగా మారేవట. వీధిలో వాళ్ళు కృష్ణుడి పోలిక అని మెచ్చుకునేవారట. ఏడో ఏట మద్రాసులో గుండె తెరిచి కుట్టారు. పెద్ద డాక్టరు బయటికొచ్చి, బాగైపోయింది, ఇక మామూలు పిల్లే అన్నాడట. ఆ ఒక్క మాటను వాళ్ళ నాన్న పట్టుకున్నాడు. కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో వేసి అటక మీదికి ఎక్కించాడు. ఆ రోజు నుంచి ఇంట్లో గుండె అనే మాటే ఎత్తకూడదు. ఎత్తితే పిల్లకు పెళ్ళి కాదని, ఉద్యోగం రాదని. ఆయాసం వస్తే నీరసం అనేవారు, గుండె దడదడలాడితే గ్యాస్ అనేవారు. ఇరవై ఏడేళ్ళు ఆ ఇంట్లో ఎవరికీ గుండె లేదు, గ్యాసే ఉంది.

ఇక్కడికొచ్చాక ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే రెండుసార్లు కళ్ళు చీకట్లు కమ్మాయట. ఇక్కడ జీపీ అంటారే, ఆ ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఛాతీ మీద గీత చూసి, దీని తర్వాత ఎవరు చూస్తున్నారు అని అడిగాడు. ఎవరూ లేరంది. ఆయన ఆమెను పుట్టుకతో గుండె జబ్బున్న పెద్దవాళ్ళను చూసే క్లినిక్కుకు పంపాడు. అలాంటి క్లినిక్కు ఒకటి ఉంటుందనే ఆమెకు తెలియదు. చిన్నప్పుడు కుట్టిన గుండె బాగుపడినట్టే గానీ కొత్తదైపోయినట్టు కాదని, జన్మంతా ఏటేటా చూపించుకోవాలని అక్కడే మొదటిసారి విన్నదట.

అలా ఎందుకు చూపించుకోవాలో ఆమె నాకు ఇలా చెప్పింది. గుండె కొట్టుకునేది కరెంటుతో. కుట్టిన చోట మచ్చ ఉంటుంది. మచ్చలోంచి కరెంటు పోదు, చుట్టూ తిరిగి పోవాలి. ఏళ్ళు గడిచాక ఒక్కో రోజు ఆ కరెంటు మచ్చ చుట్టూనే గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. అప్పుడు గుండె ఊపిరాడనంత వేగంగా కొట్టుకుంటుంది గానీ రక్తం ముందుకు తోయదు. ఎక్కువసేపు అలాగే ఉంటే మనిషి మిగలదు. నేను ఊరుకోలేకపోయాను. “అంటే నేను ఈడికొచ్చిన కొత్తల రౌండబౌట్‌ల తిరిగినట్టు. ఏ దిక్కు బయటికి పోవాల్నో తెలవక నాలుగు చుట్లు తిరిగిన” అన్నాను. ఆమె నవ్వలేదు. అది మర్నాడు ఉల్లిపాయలు తరుగుతుంటే అందింది.

తర్వాత మసాలా డబ్బాలుండే ప్రెస్ తలుపు తెరిచింది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు, మేమూ అలాగే అనడం మొదలెట్టాం. తలుపు లోపలి వైపున ప్లాస్టిక్ అట్ట వేసిన ఒక ఈసీజీ కాగితం అంటించి ఉంది. గులాబీ రంగు గళ్ళ మీద నల్లటి గీత. అన్నాళ్ళూ నేను దాన్ని గ్యాస్ కంపెనీ వాళ్ళ కాగితం అనుకున్నాను. అది ఆమె బాగున్నప్పటి ఈసీజీ. అలాంటివే ఇంకో రెండు, ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి వ్యానులో. ఎందుకంటే ఆమె గుండె బాగున్నప్పుడు కూడా ఆ గీత మామూలు మనుషుల గీతలా ఉండదు. గోపురాలు సన్నగా కాక బాగా వెడల్పుగా ఉంటాయి. ఒకసారి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడు దగ్గుకు మందు కోసం ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన ఈసీజీ తీయించి, చూసి, ఆమెను కుర్చీలోంచి లేవనివ్వలేదట. గుండెపోటు అని రెండు రోజులు మంచం మీద పడుకోబెట్టారు. దగ్గు అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి తన గీత తనే మోసుకు తిరుగుతోంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుందని.

ఇక నాకు అప్పజెప్పిన పని. ఎప్పుడైనా ఆమెకు అలా అయితే వచ్చినవాళ్ళకు మూడు మాటలు ఇంగ్లీషులో చెప్పాలి. ఈమెకు పుట్టుకతో గుండె లోపం, చిన్నప్పుడు ఆపరేషన్ అయింది. ఇది ఈమె బాగున్నప్పటి ఈసీజీ, ఎప్పుడూ ఇంతే వెడల్పు, ఇప్పుడు తీసినదాంతో పోల్చి చూడండి. ఈమెను చూసే క్లినిక్కు ఇది, ఈ నంబరుకు ఇప్పుడే ఫోన్ చేయండి. అంతే. రోజూ పొద్దున ఉల్లిపాయల కత్తి పట్టుకోకముందు ఎక్కాల్లా అప్పజెప్పేవాణ్ణి. మధ్యలో ఒక్క కూత ఎక్కువ కూస్తే మళ్ళీ మొదటి నుంచి. ఒక రోజు మూడో మాట తర్వాత థాంక్యూ ఫర్ లిజనింగ్ అన్నందుకు ఏడుసార్లు చెప్పించింది. ఆ రోజు సాంబారు ఆలస్యమైంది.

నన్నే ఎందుకు ఎంచుకుందో నాకు అర్థం కాలేదు. లత ఉంది. కాకినాడలో డిగ్రీ చదివింది, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. అదే అడిగాను.

“లత మర్యాదస్తురాలురా” అంది అక్క. “తెల్లకోటు వేసుకున్నవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తదు. నాకు మర్యాద లేనివాడు కావాలి.”

అంతకు ముందు నన్ను అలా అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉద్యోగం ఇచ్చి అన్నది ఆమె ఒక్కతే.

మాటలొక్కటే చాలవని గీత చదవడం కూడా నేర్పింది. క్లినిక్కుకు వెళ్ళినప్పుడల్లా తీసుకొచ్చిన పాత ఈసీజీలు, ఎక్కడో సంపాదించిన మామూలు ఈసీజీలు కలిపి పేకముక్కల్లా బల్ల మీద పరిచేది. ఇందులో నావి ఏవో చెప్పు అనేది. నాకు ఇంగ్లీషు పేపరు చదవడం రాదు, ఫారం నింపాలంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. కానీ ఆ గీతలు చూడగానే పట్టేసేవాణ్ణి. ప్రతి గోపురం ముందూ ఒక చిన్న దిబ్బ, తర్వాత వెడల్పాటి గోపురం, దాని కొసన ఒక నొక్కు. ఆ నొక్కు ఆమె సంతకం లాంటిది. వేలు పెట్టి ఇది, ఇది, ఇది అనేవాణ్ణి. ఆమె పెద్దగా పొగిడేది కాదు. “రైట్” అనేది. కాగితం చూసి నేను చెప్పినదాన్ని ఒకరు రైట్ అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ మాట కోసం ఆ ఆట మళ్ళీ ఆడమని నేనే అడిగేవాణ్ణి.

ఏడాదికోసారి క్లినిక్కుకు వ్యానులో తీసుకెళ్ళేవాణ్ణి. కూర్చునే గదిలో రకరకాల మనుషులు. కాలేజీ కుర్రాళ్ళు, గర్భిణులు, గొర్రెలు పెంచే ఒక పల్లెటూరి ఆసామి. అందరి చొక్కాల కింద అదే గీత. ఎలా ఉన్నావు అంటే గ్రాండ్ అని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఈ దేశంలో అది పలకరింపుకు జవాబు, దాన్ని పట్టుకుని మనిషి ఎలా ఉన్నాడో తేల్చలేం. సుభద్రక్క కూడా అలాగే గ్రాండ్ అనేది. తెనాలిలో గ్యాస్ అన్న మనిషికి ఇక్కడ ఇంకా పొట్టి మాట దొరికింది.

ఆ రోజు శనివారం. దగ్గర్లోని స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం కొత్తగా ఇల్లు కొనుక్కుంది. అద్దెలు, లీజులు దాటి సొంత గుమ్మంలోకి వస్తున్నారు. గృహప్రవేశానికి నూటయాభై మందికి భోజనాలు మా వంటింటి నుంచే. అంత పెద్ద పని మాకు అదే మొదలు. పొద్దున పదింటికి అక్క వెడల్పాటి బేసిన్లో పులిహోర కలుపుతోంది. పులిహోర ఎవరినీ కలపనిచ్చేది కాదు. నేను బూరెలు వేయిస్తూ, ఆ ఇంట్లో పాలు పొంగిస్తే పొగ అలారం మోగి ఫైరింజను వస్తుందని, అది మంచి శకునమో కాదో పంతులుగారిని అడగాలని ఏదో వాగుతున్నాను. వెనక బేసిన్లో గరిటె చప్పుడు ఆగింది.

తిరిగి చూస్తే చేయి అన్నంలోనే ఉంది. ముఖం బూడిద రంగు. పై పెదవి మీద చెమట. లత పరుగెత్తి వాము నీళ్ళు తెచ్చింది, అక్క రెండు గుక్కలు తాగింది. గ్యాస్ అంది. పొద్దున ఏమీ తినలేదు, అందుకే అంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. లోపల నాడి కొట్టుకోవడం లేదు, వణుకుతోంది. స్టూలు మీద కూర్చోబెట్టి ఫోన్ తీశాను.

“పెట్టెయ్ ఫోను” అంది. “నూటయాభై మంది అక్కడ ఆకలితో ఉంటార్రా. పది నిమిషాల్లో తగ్గిపోద్ది. ఇప్పుడు అంబులెన్సు పిలిచావంటే సోమవారం నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”

ఆమె ఊరికే అనే మనిషి కాదు. లత నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, పెద్దావిడ మాట కాదనకు అన్నట్టు. నాకు ఊళ్ళో అమ్మ, ఇక్కడ భార్య, కడుపులో బిడ్డ, ఆ పర్మిట్ కాగితం, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. నిజం చెప్తున్నాను, ఒక నిమిషం ఆగాను. ఆ నిమిషం గురించి గొప్ప చెప్పుకోను. ఆమె పెదవుల అంచు నీలంగా మారడం కనిపించాక కదిలాను.

“రానులే అక్క. పర్మిట్ గూడ నీ పేరు మీదనే ఉన్నది, అది గూడ తీస్కో” అని నంబరు నొక్కాను. షెడ్డు ఎయిర్‌కోడ్, అంటే ఇక్కడి పిన్‌కోడ్, చెప్పాను.

అంబులెన్సులో ఇద్దరొచ్చారు, నడివయసు మనిషి ఒకడు, అతనితో ఒక అమ్మాయి. స్టిక్కర్లు అంటించి, వైర్లు తగిలించి, ఎలా ఉన్నారు అని అక్కను అడిగారు. “ఐయామ్ గ్రాండ్. జస్ట్ గ్యాస్” అంది. అంత ఆయాసంలోనూ నవ్వు ముఖం పెట్టింది. వాళ్ళు తలూపారు. నేను ముందుకొచ్చి మూడు మాటలు చెప్పాను. ఒక్క ముక్క తప్పలేదు. ప్రెస్ తలుపు లోంచి కాగితం పీకి అతని చేతిలో పెట్టాను. అంతలో మిషను లోంచి కొత్త కాగితం వచ్చింది. నేనూ వంగి చూశాను. గోపురాలు వెడల్పుగానే ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. కానీ ముందు దిబ్బ లేదు. కొసన నొక్కు లేదు. అది అక్క సంతకం కాదు. దొంగ సంతకం.

అక్క మళ్ళీ, నేను బాగానే ఉన్నాను, గంటలో రాగలనా అని ఆ అమ్మాయిని అడుగుతోంది. అప్పుడు నా నోట్లోంచి నాలుగో మాట వచ్చింది. అది ఆమె నేర్పింది కాదు. వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాను. ఈవిడ దేనికైనా గ్రాండ్ అంటుంది, చచ్చిపోయినా గ్రాండ్ అంటుంది, ఈమెను నమ్మకండి, కాగితాన్ని నమ్మండి.

అతను నన్నొకసారి చూశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకున్నాడు. ఆ అమ్మాయితో చిన్నగా ఏదో అన్నాడు. ఆ తర్వాత అక్కను ఎవరూ ఏమీ అడగలేదు. ఛాతీ మీద షాకిచ్చే పెద్ద ప్యాడ్లు రెండు వేశారు, క్లినిక్కు నంబరుకు ఫోన్ కలిపారు, చక్రాల మంచం మీదకు ఎత్తారు. పులిహోర అంటిన చెయ్యి పక్కకు వేలాడుతుంటే లత తుడవబోయింది. “ఉప్పు చూడు ముందు” అంది అక్క.

ఆసుపత్రికి చేరేసరికి ఆమెకు స్పృహ తప్పుతూ వస్తోందట. అప్పటికే ఫోన్ వెళ్ళింది కనుక అక్క కేసు తెలిసిన క్లినిక్కు డాక్టరమ్మ సిద్ధంగా ఉంది. మత్తిచ్చి, ఒక షాకిచ్చారు. ఆ తిరుగుడు ఆగి గుండె దారిలో పడింది. నేను బయట బెంచీ మీద నూనె వాసనతో, బూరెల పిండి అంటిన ఆప్రాన్‌తో కూర్చున్నాను. డాక్టరమ్మ బయటికొచ్చి, ఈసీజీ తెచ్చినది, తేడా చెప్పినది నువ్వేనా అంది. అవునన్నాను. ఎక్కడ ట్రైనింగ్ అయ్యావు, నర్సువా అని అడిగింది. లేదు డాక్టర్, దోసెలు వేస్తాను అన్నాను. ఆమె నేను జోకు వేశాననుకుంది. నా జీవితంలో ఒక డాక్టరుకు నేను చెప్పిన జోకు కాని మొదటి మాట అదే, దానికి ఆమె వెంటనే నవ్వింది.

గృహప్రవేశం భోజనాలు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాయి. లత ఒక్కతే పక్క యూనిట్ పెద్దాయన్ని డ్రైవరుగా పెట్టుకుని తీసుకెళ్ళింది. ఉప్పు సరిపోయిందట.

అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను వార్డుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి, ఆమె కిటికీ వైపు తిరిగేది. ఆమెకు ఇంకో చిన్న పని చేయాలన్నారు. మచ్చ దగ్గర కరెంటు తిరిగే దారిని సన్నటి తీగతో లోపలే కాల్చి మూసేస్తారు. మళ్ళీ అలాంటిది వస్తే తానే సర్దే చిన్న పెట్టెను ఎడమ భుజం కింద పెడతారు. సంతకం చేసే కాగితాలు తెచ్చారు. ఇంట్లో వాళ్ళకు చెప్పారా అని నర్సు అడిగింది. మెల్‌బోర్న్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది అక్క. నాకేం కాలేదురా, గ్యాస్ అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయింది. తర్వాత మొదటి నుంచి అన్నీ చెప్పింది, మచ్చ, కరెంటు, షాకు, పెట్టె. అటక మీదికెక్కిన ట్రంకు పెట్టె అప్పుడు కిందికి దిగిందనుకుంటాను. అవతల తమ్ముడు ఏడుస్తున్నట్టు నాకు వినిపించింది.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

“ఆ మూడు మాటలూ రాయడానికి నాకు నెల పట్టిందిరా యాదగిరీ. డాక్టర్ల గురించి రాసుకున్నా, కాగితం గురించి రాసుకున్నా. నా గురించి రాయాల్సింది నాకు రాయడం రాలేదు. అది నువ్వు చెప్పావు.”

సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదన్నావు కదా అన్నాను. ఇవాళ మంగళవారం, నిన్న మానేశావుగా, చాలు, రేపు రా అంది. జోకులో ఆమె నన్ను ముందే అందుకున్న రోజు అదొక్కటే.

తర్వాత రెండేళ్ళు కలిసే పనిచేశాం. బరువులెత్తడం మానేసింది, అరవడం మానలేదు. ఆ తర్వాత డండాక్‌లో కాలేజీకి దగ్గరలో చిన్న క్యాంటీన్ దొరికితే, ఈ పెద్ద వంటిల్లు నన్ను చూసుకోమని అక్కడికి వెళ్ళిపోయింది. అక్కడ పిల్లలు తెలుగులో అడిగితే వింటారు, ఐరిష్ యాసలో జవాబిస్తారు, వాళ్ళ మీద ఆమె అరుపులు ఇంకా బాగా పనిచేస్తున్నాయట. భుజం కింద పెట్టె ఒకసారి తన పని తాను చేసిందని ఫోన్‌లో చెప్పింది. ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, ఎలా అనిపించింది, అన్నీ వరసగా చెప్పింది. గ్రాండ్ అనలేదు. నాకు అది చాలు. తొమ్మిదో తరగతి సగం చదివినవాడికి ఈ భూమ్మీద ఒక మనిషి గుండె గీత చదవడం వచ్చు. దీనికి సర్టిఫికెట్ ఇవ్వరు గానీ, ఇస్తే గోడకు తగిలించుకునేవాణ్ణి.

ఇప్పుడు వంటింట్లో ఆరుగురం. కొత్తగా ఎవరు పనిలో చేరినా ఒక మాట చెప్తాను. ఒంట్లో ఏదైనా ఉంటే అందరికీ చెప్పక్కర్లేదు, ఒక్కరికి తెలిసి ఉండాలి, ఆ ఒక్కరు నేనైనా పర్వాలేదు అని. చాలామంది “ఏం లేదన్నా” అంటారు. పోయిన నెల చేరిన అనూష కూడా అదే అంది. పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ వెళ్ళాక, గిన్నెలు కడిగిన చోటే నిలబడిపోయింది. నేను పొగ లాగే ఫ్యాను ఆపి, స్టూలు దగ్గరకు జరిపాను. ఆ పిల్లను నవ్వించడానికి నాలుక మీద రెండు మూడు మాటలు ఉన్నాయి, వాటిని మింగేశాను. “ఫిట్స్ వస్తాయన్నా, నాతో ఉండేవాళ్ళకు కూడా చెప్పలేదు, తెలిస్తే గది ఖాళీ చేయమంటారేమోనని భయం” అంది.

అలా వస్తే నేనేం చేయాలి, వచ్చినవాళ్ళకు ఏమని చెప్పాలి, ఒక్కొక్కటే చెప్పు అన్నాను. చెప్పింది. తిరిగి అప్పజెప్పాను. రెండో మాట దగ్గర మందు పేరు తప్పు పలికాను. దిద్దింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.